వీధి లెక్క అడిగేదెవరు?



గుంటూరులో ఏ ఇద్దరు కలిసినా ఈ మధ్య మాట శంకర్ విలాస్ వంతెన మీదకు మళ్లుతోంది. 1958లో కట్టిన వంతెన అది. రైలు పట్టాలు ఊరిని రెండు భాగాలు చేశాయి. అటు కొత్తపేట, పెద్దాసుపత్రి, పాత ఊరి బజార్లు. ఇటు అరండల్‌పేట, బ్రాడీపేట, లక్ష్మీపురం. ఆ రెంటినీ ఈ వంతెనే ఆరు దశాబ్దాలకు పైగా కలిపింది. దాని స్థానంలో 98 కోట్ల రూపాయల అంచనాతో కొత్తది కట్టడానికి 2025 మే నెలలో శంకుస్థాపన జరిగింది. ఆగస్టులో పాత వంతెన మీద రాకపోకలు ఆపేశారు. దాంతో ఊళ్లోని బళ్లన్నీ కంకరగుంట వంతెన మీదకూ, నెహ్రూనగర్ గేటు దగ్గరకూ, డొంక రోడ్డులోని మూడు వంతెనల కిందకూ మళ్లాయి. గట్టి వాన కురిస్తే ఆ మూడు వంతెనల కింద మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయని గుంటూరులో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

కొత్త వంతెన కావాలి, అందులో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఎలా కట్టాలన్న దగ్గరే. వెడల్పు ఎంత ఉండాలి? ఎక్కడ మొదలై ఎక్కడ దిగాలి? కింద నుంచి కూడా దారి ఇవ్వాలా? రోడ్డు పక్క దుకాణాల వాళ్ల గతేమిటి? పని సాగినన్నాళ్లూ అంబులెన్సు ఏ దారిన ఆసుపత్రికి చేరాలి? ఈ ప్రశ్నలు వీధుల్లో నలిగాయి, విలేకరుల సమావేశాల్లో వినిపించాయి, వ్యాపారుల అభ్యంతరాలైతే కోర్టు గుమ్మం దాకా వెళ్లాయి.

ఇప్పుడు ఒక మామూలు గుంటూరు మనిషి ఈ ప్రశ్నలు ఎవరినడగాలో చూడండి. డబ్బు కేంద్ర రోడ్ల నిధి నుంచి వస్తుంది. పట్టాల పైభాగం రైల్వేది. మిగతా నిర్మాణం రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ చూడాలి. ఆస్తుల సేకరణ కార్పొరేషన్ నెత్తిన పడింది. మళ్లించిన బళ్లను నడిపించేది ట్రాఫిక్ పోలీసులు. అయిదు ఆఫీసులు, అయిదు ఫైళ్లు. ఎవరికి వారే యమునా తీరే. ఏ ఆఫీసుకు వెళ్లినా అది మా పరిధి కాదనే జవాబు సిద్ధంగా ఉంటుంది, ఆ జవాబు చాలాసార్లు నిజం కూడా.

ఈ అయిదుగురినీ ఒక్కచోట నిలబెట్టి, ఊరి తరఫున లెక్క అడగడానికి మన రాజ్యాంగం ఒక చోటు ఏర్పాటు చేసింది. అదే మునిసిపల్ కౌన్సిల్. రోడ్లు, పార్కింగు, రవాణా మీద ఆ కౌన్సిల్ చూపు ఎలా ఉండాలి, లేకపోతే ఏమవుతుంది, అందులో మన వంతు ఏమిటి అన్నదే ఈనాటి మాట.

రాజ్యాంగం 74వ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. దానితో పాటు పన్నెండో షెడ్యూలు చేరింది. పట్టణ సంస్థలకు అప్పగించదగ్గ 18 బాధ్యతలు అందులో వరసగా ఉన్నాయి. నాలుగోది రోడ్లు, వంతెనలు. పదిహేడోది వీధిదీపాలు, పార్కింగు స్థలాలు, బస్‌స్టాపులు, మరుగుదొడ్ల వంటి ప్రజా సౌకర్యాలు. అంటే బండి ఎక్కడ పెట్టాలి, బస్సు కోసం ఎక్కడ నిలబడాలి అన్న చిన్న విషయాలు కూడా ఊరి ప్రతినిధుల పనేనని రాజ్యాంగమే చెప్పింది.

గుంటూరుకు ఇది కొత్త సంగతి కాదు. ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది 1866లో. ఒంగోలుకు 1876లో వచ్చింది. తెనాలిది 1909, నరసరావుపేటది 1915. మన మెట్ట, డెల్టా ఊళ్లలో పురపాలన తాతల కాలం నాటిది. 1994లో గుంటూరు కార్పొరేషన్ అయింది, 1995లో కొల్లి శారద తొలి మేయర్ అయ్యారు. 2012లో నల్లపాడు, గోరంట్ల, ఏటుకూరు, బుడంపాడు లాంటి పది గ్రామాలను ఊళ్లో కలిపారు. 2011 జనాభా లెక్కల్లోనే నగర జనాభా 6,47,508. ఆ పది గ్రామాలూ కలిశాక ఊరు మరింత పెరిగింది, రోడ్ల పొడవూ పెరిగింది. వాటి మీద నిఘా పెట్టాల్సిన కౌన్సిల్ మాత్రం ఆ కాలంలో లేనే లేదు.

ఈ మాట కొంచెం నిలబడి చెప్పుకోవాలి. 2005లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2010లో ముగిసింది. తర్వాత ఎన్నిక 2021 మార్చి 10న. అంటే పదేళ్లు దాటి గుంటూరు నగరానికి కార్పొరేటర్లు లేరు, మేయర్ లేరు. ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. ఒంగోలు 2012లో కార్పొరేషన్ అయినా, ఆ హోదాలో మొదటి ఎన్నిక 2021లోనే చూసింది. అయిదేళ్ల గడువు తీరేలోపే కొత్త పాలకవర్గానికి ఎన్నిక జరగాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం చెబుతోంది. ఈ విషయంలో సాకులు చెల్లవని 2006లో అహ్మదాబాద్ కార్పొరేషన్‌కు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా మనకు పదేళ్లు పట్టింది.

సరిగ్గా ఆ ఖాళీ కాలంలోనే గుంటూరు చరిత్రలోకెల్లా పెద్ద తవ్వకం మొదలైంది. భూగర్భ డ్రైనేజీ పథకం. రాష్ట్ర విభజన తర్వాత విజయవాడ, గుంటూరు నగరాలకు కేంద్రం ఇచ్చిన వెయ్యి కోట్ల రూపాయల సాయంలో గుంటూరు వాటా 540 కోట్లు. మొత్తం పథకం విలువ సుమారు 900 కోట్లు. 2017 ప్రాంతంలో వీధులు తవ్వడం మొదలుపెట్టారు. పని మధ్యలో ఆగింది. ఏళ్లు గడిచినా పథకం పూర్తి కాలేదు. పైపులు వేసిన చోట మ్యాన్‌హోళ్లు రోడ్డు కన్నా ఎత్తుగానో పల్లంగానో మిగిలిపోయాయి. తవ్విన రోడ్లను పూడ్చిన తీరు ఎలా ఉందో ఆ వీధుల్లో స్కూటరు నడిపిన వాళ్ల నడుములకే తెలుసు.

కౌన్సిల్ ఉండి ఉంటే ఈ పథకం చక్కగా పూర్తయ్యేదని నేను పూచీ పడలేను. కానీ ఒక్కటి మాత్రం జరిగి ఉండేది. ఒక వీధి పూర్తి చేయకుండా రెండో వీధి ఎందుకు తవ్వారని తన డివిజన్ జనం తరఫున ఎవరో ఒకరు లేచి అడిగేవారు. ఆ ప్రశ్న రికార్డుకెక్కేది. అధికారి జవాబు కూడా రికార్డుకెక్కేది. తర్వాతి నెల సమావేశంలో ఆ జవాబు చూపించి, మీరు ఇలా అన్నారు కదా, ఏమైంది అని మళ్లీ అడిగే వీలుండేది. పర్యవేక్షణ అంటే ఇంతకు మించి బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఒకే ప్రశ్నను జవాబు దొరికేదాకా మళ్లీ మళ్లీ అడగడం.

మన ప్రాంతంలో ఈ అడగడానికి ఒక గొప్ప పూర్వకథ ఉంది. చీరాల, పేరాల పోరాటం. అప్పుడవి గుంటూరు జిల్లాలోని నేతపనివాళ్ల, రైతుల ఊళ్లు. గ్రామ యూనియన్‌గా ఉన్నప్పుడు అక్కడ వసూలయ్యే పన్ను ఏడాదికి సుమారు 4,000 రూపాయలు. మద్రాసు ప్రభుత్వం ఆ ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేశాక పన్ను భారం 40,000 దాకా పెరిగింది. ఇంత పన్ను కట్టి మేము పొందేదేమిటని జనం అడిగారు. జవాబు రాలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో, ఆయన రామదండు వాలంటీర్ల తోడుతో పన్ను నిరాకరించారు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చి వెళ్లారు. ఆ తర్వాత జనం మునిసిపాలిటీ హద్దులు దాటి, ఊరి బయట పాకలు వేసుకుని, రామనగర్ అని పేరు పెట్టుకుని దాదాపు పదకొండు నెలలు కాపురం ఉన్నారు. ఎండకు ఎండారు, వానకు తడిశారు. చివరకు దుగ్గిరాల జైలుకు వెళ్లడంతో ఉద్యమం సన్నగిల్లింది, జనం ఇళ్లకు తిరిగొచ్చారు.

ఆ పెద్దలు ఎదిరించింది మనమెన్నుకోని సర్కారును. ఇప్పుడున్నది మన ఓటుతో వచ్చే కౌన్సిల్. ఊరు విడిచి పాకల్లో ఉండాల్సిన అవసరం మనకు లేదు. ఆస్తిపన్ను రసీదు చేతిలో పట్టుకుని, ఈ డబ్బుతో మా వీధికి ఏం చేశారని అడిగితే చాలు. నూరేళ్ల కిందట అంత కష్టపడి అడిగిన ప్రశ్నను ఇవాళ సుఖంగా అడిగే వీలుండి కూడా మనం అడగడం మానేశాం.

సరే, ఏమని అడగాలి? ముందు రోడ్డు సంగతి చూద్దాం.

మన గుంటూరు, ప్రకాశం మైదానాల్లో చాలా భాగం నల్లరేగడి. పత్తికీ మిర్చికీ ఈ నేల కన్నతల్లి. రోడ్డుకు మాత్రం పగ. వానాకాలంలో నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, వేసవిలో ఎండి బీటలు తీస్తుంది. ఏడాదికోసారి ఇలా ఉబ్బి తగ్గే నేల మీద తారు పరిస్తే పైన ఎంత నున్నగా ఉన్నా అడుగున కదులుతూనే ఉంటుంది. అందుకే ఇక్కడ రోడ్డు మన్నిక తారు మీద కన్నా, కింద వేసే గ్రావెల్, కంకర పొరల మీదా, పక్కన నీళ్లు పోయే కాలువ మీదా ఎక్కువ ఆధారపడి ఉంటుంది. కాలువ లేకుండా వేసిన రోడ్డు మొదటి వానాకాలం దాటితే గొప్పే. ఇక పైపుల కోసం తవ్విన చోట తీసిన నల్లమట్టినే తిరిగి కుప్పగా పోసి పైన తారు పూస్తే, రెండు వానలకు ఆ గాడి పొడవునా రోడ్డు కుంగుతుంది. పొరలు పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరనూ దిమ్మిస కొట్టి, పైన మంచి గ్రావెల్ వేస్తే నిలబడుతుంది. ఇది ప్రతి ఇంజనీరుకూ తెలుసు, అంచనాలోనూ రాసి ఉంటుంది. చేశారా లేదా అన్నదే ప్రశ్న.

ఇప్పుడొక చిన్న లెక్క వేద్దాం. 200 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న సందులో సిమెంటు రోడ్డు వేస్తున్నారనుకోండి. అంచనాలో 20 సెంటీమీటర్ల మందం అని ఉంది. అంటే 160 ఘనపు మీటర్ల కాంక్రీటు పడాలి. పనిలో 15 సెంటీమీటర్లే వేశారనుకుంటే పడేది 120 ఘనపు మీటర్లు. నాలుగో వంతు మాయం. రోడ్డు పైనుంచి చూస్తే రెండూ ఒకటే. తేడా తెలిసేది రెండు చోట్ల. ఒకటి, రోడ్డుకు రంధ్రం చేసి తీసే కోర్ ముక్కలో. రెండు, ఇంజనీరు కొలతలు రాసే ఎం-బుక్కులో. కాంట్రాక్టరుకు బిల్లు చెల్లేది ఆ ఎం-బుక్కును బట్టే. కాబట్టి కౌన్సిల్‌లో అడగాల్సిన ప్రశ్న రోడ్డు వేశారా అని కాదు. కోర్ ఎన్ని చోట్ల తీశారు, మందం ఎంత వచ్చింది, ఎం-బుక్కులో ఎంత రాశారు, నాణ్యత విభాగం వాళ్లు ఎప్పుడు వచ్చి చూశారు అని.

ఇంకొక ప్రశ్న కూడా ఉంది, దాన్ని దాదాపు ఎవరూ అడగరు. రోడ్డు పని ఒప్పందాల్లో నిర్వహణ బాధ్యత కాలం అని ఒకటుంటుంది. ఆ గడువులోపు రోడ్డు దెబ్బతింటే కాంట్రాక్టరే తన ఖర్చుతో బాగుచేయాలి. అందుకోసమే కొంత సొమ్ము కార్పొరేషన్ దగ్గర అట్టిపెడతారు. గడువు ముగిశాక అది తిరిగిచ్చేస్తారు. మీ వీధి రోడ్డుకు ఆ గడువు ఎప్పటిదాకా ఉందో మీ కార్పొరేటర్‌ను అడిగి చూడండి. గడువు ఉండగానే గుంతలు పడితే కాంట్రాక్టరు చేత పూడ్పించాలి. అలా చేయకుండా మరో ఏడాది ప్యాచ్ వర్క్ పేరుతో సాధారణ నిధుల్లోంచి ఖర్చు పెడితే, ఒకే గుంతకు మనం రెండుసార్లు డబ్బు కట్టినట్టు.

కౌన్సిల్ సమావేశాల్లో తరచూ కనిపించే మరో అంశం, మేయర్ ముందస్తు అనుమతి. అత్యవసరం పేరుతో పని ముందే చేసేసి, తర్వాత ఆమోదానికి పెడతారు. తుఫాను వచ్చి కల్వర్టు కొట్టుకుపోతే అది న్యాయమే. మామూలు పనులు కూడా ఆ దారిలోనే వస్తుంటే మాత్రం కార్పొరేటరు చేయి ఎత్తే ముందు ఆగి ఆలోచించాలి. అయిపోయిన పనికి ఇచ్చే ఆమోదం పర్యవేక్షణ అనిపించుకోదు.

ఇక పార్కింగు.

ఒక కారు నిలపడానికి సుమారు 5 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు, అంటే 12.5 చదరపు మీటర్ల జాగా కావాలి. కొత్తపేట ఆసుపత్రుల వీధుల్లోనో, అరండల్‌పేట మెయిన్ రోడ్డులోనో అంత జాగాలో దుకాణం అద్దెకు తీసుకోవాలంటే నెలకెంత అవుతుందో ఆ వీధి వాళ్లకు తెలుసు. అంత విలువైన జాగాను రోడ్డు మీద పొద్దుటి నుంచి రాత్రి దాకా ఎవరైనా ఉచితంగా ఆక్రమించుకోవచ్చు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు.

రోడ్డు మీద ఇన్ని బళ్లు ఎందుకుంటున్నాయి? ఒక పెద్ద కారణం భవనాల కింద దాక్కుని ఉంది. 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నియమాల ప్రకారం వాణిజ్య భవనాలు, ఆసుపత్రులు తమ విస్తీర్ణాన్ని బట్టి పార్కింగుకు చోటు వదలాలి. ప్లానులో సెల్లారు చూపిస్తారు, అనుమతి తెచ్చుకుంటారు. భవనం లేచాక ఆ సెల్లారులో మందుల షాపో, రక్తపరీక్షల ల్యాబో, గోదామో వెలుస్తుంది. రోగిని తెచ్చిన ఆటో, బంధువుల మోటారు సైకిళ్లు రోడ్డు మీదే ఉండిపోతాయి. నియమాలు ఉల్లంఘించకుండా పెద్ద భవనాల విషయంలో విస్తీర్ణంలో 10 శాతం కార్పొరేషన్ పేర తనఖా పెట్టించుకునే పద్ధతి ఉంది. ప్లాను ప్రకారం కట్టారని తేలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే ఆ తనఖా విడిపించాలి. మరి ఒక డివిజన్‌లో ఎన్ని భవనాలకు సెల్లారు పార్కింగు చూపించారు, వాటిలో ఇవాళ ఎన్ని నిజంగా పార్కింగుకే ఉన్నాయి, ఎన్నింటి తనఖా విడిపించారు? ఈ మూడు అంకెలు కౌన్సిల్ బల్ల మీదకు తెప్పించగలిగితే ట్రాఫిక్ గురించి చేసే పది ఉపన్యాసాల కన్నా అదే ఎక్కువ.

పార్కింగు రుసుము విషయంలో ప్రభుత్వాలు కొంత కదిలాయి. మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట ఉచితంగా ఉండాలని తెలంగాణ 2018లో ఉత్తర్వు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి నియమమే 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తర్వాతి సమయానికి కూడా అక్కడ కొన్నదాని బిల్లు చూపించి మినహాయింపు పొందే వీలుంది. కౌంటర్ దగ్గర ఈ సంగతి తెలిసి అడిగేవాళ్లు తక్కువ. రేట్ల బోర్డు కనిపించేలా పెట్టించడం, పాటదారు రసీదు ఇస్తున్నాడో లేదో చూడటం కార్పొరేషన్ పని. చూస్తున్నదో లేదో అడగడం కౌన్సిల్ పని.

వీధి పార్కింగుకు రుసుము పెట్టాలా వద్దా అన్నది కష్టమైన ప్రశ్నే. అమెరికాలో డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు జీవితమంతా ఈ ఒక్క విషయమే చదివాడు. 2005లో దాని మీద లావాటి పుస్తకం రాశాడు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇది: పార్కింగు ఉచితమైతే ఖాళీ కోసం తిరిగే బళ్లతోనే చాలా రద్దీ పుడుతుంది, రుసుము పెట్టండి, కానీ ఆ డబ్బు ఏ వీధిలో వసూలైందో ఆ వీధి కాలిబాటకూ దీపాలకూ ఖర్చు పెట్టండి, అప్పుడు దుకాణదారులే రుసుమును సమర్థిస్తారు. జపాన్ వాళ్లు ఇంకా ముందుకు వెళ్లారు. 1962లో తెచ్చిన చట్టం ప్రకారం అక్కడ కారు కొనాలంటే దాన్ని నిలుపుకునే జాగా ఇంటికి దగ్గర్లో ఉందని రుజువు చూపాలి. మన దగ్గర అది ఇప్పట్లో సాధ్యం కాకపోవచ్చు. వీధిలో వచ్చిన రూపాయి వీధికే అన్న నియమం మాత్రం ఒక్క తీర్మానంతో అయ్యే పని.

ఇంకొక హెచ్చరిక. రోడ్డు మీద చోటు లేదనగానే మొదటి దెబ్బ తోపుడు బండి మీద పడుతుంది. పొద్దున్నే బండి ఎత్తేస్తారు, సాయంత్రానికి ఆ చోట నాలుగు కార్లు ఉంటాయి. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో 40 శాతానికి తగ్గకుండా ఆ వ్యాపారులు ఎన్నుకున్న వాళ్లే ఉండాలి. బండ్లను తీసే ముందు ఆ కమిటీ ఏమందో కౌన్సిల్ తెలుసుకోవాలి.

కార్ల సంగతి ఇలా ఉంటే మన ఊళ్ల అసలు బరువు లారీల్లో ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డుకు ఒక్కోరోజు లక్షకు పైగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వస్తాయి. టిక్కీ 40 కిలోలని వేసుకున్నా 4,000 టన్నులు. పది టన్నుల లారీ లెక్కన రోజుకు 400 లారీల సరుకు. వచ్చిన సరుకు మళ్లీ కోల్డ్ స్టోరేజీలకో, ఎగుమతికో బయలుదేరాలి. ఆ లారీలన్నీ యార్డు గేటు తెరిచేదాకా ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా? యార్డు మార్కెటింగ్ శాఖది. లారీ పర్మిట్ రవాణా శాఖది. రోడ్డు ఒకచోట జాతీయ రహదారి, ఒకచోట రోడ్లు, భవనాల శాఖ, ఒకచోట కార్పొరేషన్. లారీని తొయ్యమని చెప్పేది కానిస్టేబులు. సరుకు తెచ్చిన రైతు రాత్రంతా రోడ్డు పక్క లారీ కింద పడుకుంటాడు. తిలా పాపం తలా పిడికెడు.

మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్‌లో దీనికి దారి ఉంది. బళ్లు నిలిపే చోట్లు, ఆగే చోట్లు ప్రభుత్వం నిర్ణయించేటప్పుడు స్థానిక సంస్థను సంప్రదించాలని అందులో ఉంది. అంటే కౌన్సిల్‌కు అడిగే హక్కు ఉంది. మిర్చి సీజన్ మొదలయ్యే ముందు జనవరిలోనే యార్డు కమిటీని, రవాణా శాఖను, ట్రాఫిక్ పోలీసులను కౌన్సిల్ తన సమావేశానికి పిలిచి, ఈ సీజన్‌లో లారీలు ఎక్కడ నిలుస్తాయి, నీళ్లు, మరుగుదొడ్డి ఎవరిస్తారు అని తేల్చుకోవాలి. పత్తి తిరిగే చిలకలూరిపేట, పొగాకు తిరిగే ఒంగోలు ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది. సీజన్ ప్రతి ఏడాదీ అదే నెలలో వస్తుంది. ప్రతి ఏడాదీ అది ఆకస్మిక విపత్తులా మీద పడటం మన నిర్వాకమే.

ప్రయాణికుల మాట కూడా అనుకుందాం. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సెక్కేవాళ్లు పెరిగారు. కానీ బస్సు ఆగే చోట నీడ, బెంచీ, చీకటి పడితే దీపం ఉన్నాయా? బస్సు ఆర్టీసీది, బస్‌స్టాపు మాత్రం పన్నెండో షెడ్యూలు ప్రకారం మన సంస్థది. స్టాపులో ఆటోలు నిండి, బస్సు రోడ్డు మధ్యలో ఆగితే ముసలమ్మ పరుగెత్తాలి. ఆటోవాళ్లకు వేరే స్టాండు చూపించకుండా వాళ్లను తిట్టి లాభం లేదు. ఇవి కోట్ల పనులు కావు. డివిజన్‌కు నాలుగు రేకుల షెడ్లు, రెండు గీతలు, ఒక ఆటోస్టాండు. శంకుస్థాపన ఫలకం పడని పనులు కనుకనే ఇవి వెనకబడ్డాయి.

మన కార్పొరేటర్ల గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. అమలు అధికారం కమిషనర్‌ది. ఏటా ఎన్నికయ్యే స్థాయీ సంఘం చేతిలో కొన్ని ఆర్థిక అధికారాలున్నాయి. పెద్ద నిధులు రాష్ట్రం నుంచి, కేంద్రం నుంచి షరతులతో వస్తాయి. 57 డివిజన్ల గుంటూరులో ఒక్క కార్పొరేటరు చేతిలో ఉన్న అసలైన ఆయుధం ప్రశ్న ఒక్కటే. ఆ ప్రశ్నకు బలం రావాలంటే వెనక జనం ఉండాలి. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243-ఎస్ అధికరణం చెబుతోంది. గుంటూరు ఆ లెక్కకు రెండింతలకు పైమాటే. పుణె నగరంలో 2006 నుంచి పౌరులే తమ వార్డుకు కావలసిన చిన్న పనులు సూచించి బడ్జెట్‌లో పెట్టించుకునే పద్ధతి నడుస్తోంది. పుణె వాళ్లకు వీలైంది బ్రాడీపేట వాళ్లకు వీలుకాకపోవడానికి కారణం లేదు.

కనుక శ్రోతలకు నా మనవి. మీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శి ఉంటారు. వెళ్లి, గడిచిన రెండేళ్లలో మన వీధిలో చేసిన రోడ్డు, కాలువ పనుల జాబితా అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద నగరపాలక సంస్థకు 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. అంచనా ప్రతి, ఎం-బుక్కు నకలు, నిర్వహణ గడువు తేదీ, ఈ మూడూ అడగండి. ఆ చట్టం రెండో సెక్షన్ కాగితాలతోనే ఆగలేదు. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా ఇచ్చింది. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు వాడటం లేదు.

వచ్చిన కాగితం తీసుకుని అయిదారు ఇళ్ల వాళ్లు కలిసి కార్పొరేటర్ దగ్గరకు వెళ్లండి. ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా ఇవ్వండి, వచ్చే సమావేశంలో అడగమనండి. సమావేశం అయ్యాక ఏం జవాబిచ్చారో కనుక్కోండి. 2021లో ఎన్నికైన పాలకవర్గాల అయిదేళ్ల గడువు 2026 మార్చి దాకానే. మళ్లీ పదేళ్ల ఖాళీ రాకుండా ఎన్నికలు వేళకు జరపాలని అడగడం కూడా ఈ ప్రశ్నల్లో ఒకటి కావాలి. ఓటు అడగడానికి మీ ఇంటికి వచ్చేవాళ్లు ఏ పార్టీ వాళ్లైనా సరే, మీ వీధి రోడ్డు నిర్వహణ గడువు ఎప్పుడు ముగుస్తుందో తెలుసా అని అడగండి. తెలియకపోతే, తెలుసుకుని రమ్మనండి.